పేరు చెక్కని శిల్పి

ఐర్లండునకు, బ్రిటనునకు నడుమ సముద్రములో మాన్ అను చిన్న ద్వీపము కలదు. దాని పడమటి తీరమున కర్క్ మైకేల్ అను గ్రామమున్నది. అచటి చర్చిలో 10వ శతాబ్దమునాటి రాతి సిలువ యొకటి నేటికిని నిలిచియున్నది. ఒక ఉంగరములో మరియొక ఉంగరము దూరిన గొలుసువంటి అల్లిక దానిపై క్రిందినుండి పైకి ప్రాకిపోవుచుండును. రూనులనబడు ప్రాచీన లిపిలో దానిమీద ఒక శాసనము కూడ కలదు. ఒక కమ్మరి కుమారుడు తన ఆత్మశ్రేయస్సుకొరకు ఈ సిలువను నిలిపెనని అందు మొదట చెప్పబడినది. ఆ వెంటనే శిల్పి తన మాట చేర్చెను. తన పేరు గౌట్ అనియు, దీనినేగాక మాన్ ద్వీపమందలి సిలువలన్నిటిని తానే చెక్కితిననియు చెప్పుకొనెను. ఆ ద్వీపమున నేటివరకు దొరకిన చెక్కడపు రాళ్లు 200కు పైబడినవి. వానిలో గౌట్ పుట్టుకకు ముందటివి, అతని కాలమునకు తరువాతివి అనేకములు కలవు. కనుక గౌట్ మహాశయుడు కొంత అతిశయోక్తికి పాల్పడెననుట స్పష్టము. ఐనను వేయి ఏండ్లకు పైగా అతని పేరు నిలిచినది.

ఆ రాళ్ల నడుమ పెరిగి, ఆ గీతలనే తన జీవితముగా చేసికొనిన మరియొకడు సుమారు 900 ఏండ్ల తరువాత అదే ద్వీపమున పుట్టెను. ఆయన పేరు ఆర్చిబాల్డు నాక్సు. వృత్తిచేత డ్రాయింగు మాస్టరు. ఆయన గీసిన నమూనాలతో తయారైన వెండి గిన్నెలు, పూలపాత్రలు, గడియారములు, నగలు లండనులోని ఒక గొప్ప దుకాణమున విరివిగా అమ్ముడుపోయెను. కొనిన వారెవ్వరును ఆయన పేరెరుగరు. ఆ వస్తువులపై దుకాణము ముద్ర యున్నది. ఆయన సంతకము లేదు.

నాక్సు చేసిన పని తెలియవలెనన్నచో ముందు ఆ గీత సంగతి కొంత తెలియవలెను. కెల్టులనువారు ప్రాచీన యూరపు ఖండమున విస్తరించిన జనులు. ఐరిషు, వెల్షు, మాన్ ద్వీపపు మాంక్సు మున్నగునవి వారి భాషలు. క్రీస్తునకు పూర్వము వారు కత్తి ఒరలమీద, డాళ్లమీద, అద్దముల వెనుకను సుడులు తిరుగు రేఖలు చెక్కుచుండిరి. క్రైస్తవము వచ్చిన పిమ్మట ఆ సుడులకు అల్లికలు తోడయ్యెను. రమారమి 800 ప్రాంతమున దూడ చర్మముపై వ్రాయబడిన కెల్సు గ్రంథము ఆ కళకు పరాకాష్ఠ. అది నేడు డబ్లిను నగరములోని ట్రినిటీ కళాశాలలో నున్నది.

ఈ అల్లికలలో ఒక నియమము కలదు. గీత ఒకచోట మరియొక గీతపైగా పోయినచో, తరువాతి కూడలిలో దాని క్రిందుగా పోవలెను. వ్రేలు పెట్టి వెంబడించినచో ఎన్ని మెలికలు తిరిగినను చాలచోట్ల బయలుదేరిన తావునకే వత్తుము. మన ఇండ్లముందు స్త్రీలు చుక్కలు పెట్టి, వాని చుట్టును గీతను త్రిప్పి, చేయి ఎత్తక మొదటికి తెచ్చి కలుపు మెలికల ముగ్గు మనకందరకు తెలిసినదే. రెంటికిని చుట్టరికము కలదని నేననుటలేదు. ఆ ముగ్గును చూచునప్పుడు మన కన్ను పొందు ఆనందమెట్టిదో, కెల్టిక్ అల్లికను చూచునప్పుడు ఆ దేశస్థుని కన్ను పొందునదియు దాదాపు అట్టిదేయని మాత్రము చెప్పగలను. అందలి కథ తెలియనక్కరలేదు, దేవుని నమ్మనక్కరలేదు. పైగా ఆ నమూనా కొలత మారినంత మాత్రమున చెడదు. వ్రేలి ఉంగరముపై ఎట్లొదుగునో, తివాచీ అంచునను, పుస్తకపు అట్టమీదను, సమాధి రాతిమీదను అట్లే యొదుగును. వర్తకుడు ఆ కళను విడువకుండుటకు ఇది యొక పెద్ద కారణము.

ఆ వర్తకము నాక్సు పుట్టుకకు ముందే ఆరంభమైనది. 1850లో ఐర్లండు తూర్పు తీరమున తారా బ్రోచి అను అపూర్వమైన పురాతన భూషణము దొరకెను. డబ్లినులోని వాటర్‌హౌసు అను నగల వర్తకుడు దానిని కొని, దాని ప్రతిరూపములు చేయించి అమ్మెను. 1856లో ఓవెన్ జోన్సు అలంకార శిల్పమును గూర్చి ఒక బృహద్గ్రంథము ప్రకటించెను. అందు ప్రపంచమందలి అనేక జాతుల నమూనాలతోపాటు కెల్టిక్ నమూనాలు కూడ రంగురంగుల రాతి అచ్చులో వెలువడెను. అంతవరకు కళాశాలల బీరువాలలో పండితులు మాత్రమే చూచుచుండిన గీతలు ముద్రణాలయము పుణ్యమున చిత్రకళా పాఠశాలల బల్లలమీదికి వచ్చెను. అచ్చు ప్రతి అసలుతో సరితూగునా అని నేడును వాదించువారు కలరు. అచ్చు ప్రతులే లేకున్నచో ఆ కళ పునర్జీవించెడిదే కాదని నా అభిప్రాయము.

నాక్సు 1864 ఏప్రిలు 9న మాన్ ద్వీపమున, డగ్లసు పట్టణమునకు సమీపముననున్న క్రాంక్‌బోర్న్ అను పల్లెలో జన్మించెను. ఓడల తెరచాపల గుడ్డ నేయు మిల్లు పనివారికొరకు కట్టబడిన పల్లె అది. తండ్రి విలియం స్కాట్లండునుండి వచ్చిన యంత్రశిల్పి. ఇంట యంత్రముల చప్పుడు, బయట వేయి ఏండ్ల నాటి సిలువలు. డగ్లసులో చిత్రకళా పాఠశాల వెలసినప్పుడు నాక్సు అందు చేరి, చదువు సాగుచుండగనే చిన్నవారికి పాఠములు చెప్పుచు, ఉపాధ్యాయ పట్టము పొందెను. సెలవులలో ఆ ద్వీపపు చర్చిల ఆవరణలు తిరిగి రాళ్లను చూచి గీసికొనెను. 1893లో ఆ ప్రాచీన సిలువలను గూర్చి లండనునుండి వెలువడు వాస్తు పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది తొమ్మిది. అదే కాలమున బెయిలీ స్కాట్ అను వాస్తుశిల్పి డగ్లసులో కాపురముండెను. అతని స్నేహమువలన నాక్సు దృష్టి పటములనుండి ఇంటి సామగ్రివైపునకు మరలినదని చెప్పుదురు.

1897లో నాక్సు ఇంగ్లండునకు పోయి, లండనుకు దక్షిణముననున్న రెడ్‌హిల్ పట్టణమున ఉపాధ్యాయుడయ్యెను. ఆ తరువాత స్వల్పకాలముననే లిబర్టీ దుకాణమునకు నమూనాలు గీయసాగెను.

ఈ లిబర్టీ కథ మనకును కొంత సంబంధించినదే. ఆర్థర్ లిబర్టీ 1875లో లండను రీజెంట్ వీథిలో అంగడి తెరచి, తూర్పు దేశపు సరకులతో, ముఖ్యముగా పట్టుగుడ్డలతో పేరు గడించెను. మన దేశపు టస్సరు పట్టు అచట మిక్కిలి ప్రసిద్ధి. 1885లో ఆయన మన దేశమునుండి నలుబదిమందికి పైగా చేతిపనివారిని, ఆటపాటలవారిని రప్పించి, లండను బాటర్సీలో ఒక భారతీయ గ్రామమును నెలకొల్పి జనులకు ప్రదర్శించెను. చలికి, అసౌకర్యములకు ఆ దీనులు పడిన పాట్లు ఇంతంతగావు. ఆ ప్రదర్శనమును విఫలమయ్యెను. వస్తువు విలువ తెలిసిన ఆ వర్తకునకు వస్తువు చేసినవాని విలువ అంతగా తెలియలేదని ఈ యుదంతమువలన తోచకమానదు.

ఆ దుకాణమువారు 1899లో సిమ్రిక్ అను పేరుతో వెండి సామగ్రిని, ఆ వెనుక ట్యూడ్రిక్ అను పేరుతో ప్యూటరు సామగ్రిని అమ్మకమునకు పెట్టిరి. ప్యూటరనగా తగరము ప్రధానముగాగల లోహమిశ్రమము. వెండి కొనలేనివారి వెండి. సిమ్రిక్ అను పేరు వేల్సు దేశమును స్ఫురింపజేయును. స్కాట్లండు తండ్రికి పుట్టిన మాన్ ద్వీపవాసి గీసిన నమూనా, బర్మింగ్‌హాము నగరములోని హేజ్లర్ కర్మాగారమున తయారై, వేల్సు పేరుతో లండనులో అమ్ముడుపోయెనన్నమాట! వర్తక ప్రపంచమున వంశవృక్షములిట్లే యుండును.

తయారీ విధానము గమనింపదగినది. పూర్వము కంసాలి వెండిరేకును సుత్తితో కొట్టి గిన్నె చేయుచుండెను. హేజ్లరు కర్మాగారమున చాల వస్తువులు ఉక్కు అచ్చులతో యంత్రమున నొక్కి చేయబడెను. తుదకు చేతిపని వలె కనబడుటకై వానిపై సుత్తి గుర్తులు కూడ కల్పించుచుండిరి. లండనులో ఆష్బీ అను ఆదర్శవాది 1888లో హస్తకళాకారుల సంఘమును స్థాపించి, నిజముగా చేతితో చేసిన వస్తువులను అమ్ముచుండెను. లిబర్టీ చవుక సరకు ముందు అది నిలువలేక 1908లో మూతపడెను. తమ పతనమునకు లిబర్టీయే కారకుడని ఆష్బీ తుదివరకు బాధపడెను. ఆయన బాధ న్యాయమైనదే. ఐనను రెండవ పక్షమును వినవలెను. ఆష్బీ గిన్నె ధనికుల భోజనశాల దాటి పోలేదు. నాక్సు గీత గుమాస్తా ఇంటి అలమారలోనికిని చేరినది. ఈ వివాదమున తీర్పు చెప్పుట నాకు సులభముగా తోచుటలేదు.

1900లో నాక్సు ద్వీపమునకు తిరిగి వచ్చి సల్బీ అను పల్లెలో నివసించుచు, నాలుగేండ్లు అచటినుండియే నమూనాలు గీసి పంపెను. ఆయన ప్రతిభ పూర్ణముగా వికసించిన కాలమది. లిబర్టీకి ఆయన గీసినవి 400కు పైగా నుండునని పరిశోధకుల అంచనా. వానిని చూచినచో ఆయన ప్రాచీన శిల్పులను అనుకరింపలేదని తెలియును. కెల్సు గ్రంథపు చిత్రకారుడు సూది మోపునంత చోటైన ఖాళీ విడువడు. నాక్సు ఆ ముడిని వదులు చేసెను. ఒక పూలపాత్రను చూడుడు: అడుగునుండి రెండు సన్నని గీతలు తీగలవలె లేచి, చాలదూరము నునుపైన లోహముపై ఏ అలంకారమును లేక సాగి, మెడదగ్గర ఒక్కసారి పెనవేసికొని, ఆకులవంటి చిన్న రూపములై ముగియును. ఆ పెనవేసిన చోట నీలము, ఆకుపచ్చ కలిసిన ఎనామిలు రంగు, లోతైన నీటివలె నిగనిగలాడుచుండును. మిగిలినదంతయు ఖాళీ. ఆ ఖాళీయే ఆయన కనుగొన్నది. ముడి యొక్క అందము ముడిలో మాత్రమే లేదు, దానికి ముందు గీత నడచిన దారిలో కూడ కలదని ఆయన గ్రహించెను. శతాబ్దము దాటినను ఆ వస్తువులు నిన్న చేసినవానివలె కనబడుటకు హేతువిదియే.

కాని క్యాటలాగులలో నాక్సు పేరు లేదు. నమూనా గీసినవారి పేర్లు బయటపెట్టరాదని లిబర్టీ దుకాణపు నియమము. వస్తువు లిబర్టీది కావలెను, మరెవ్వరిదియు కారాదు. నాక్సు దీనికి ఎదురు చెప్పినట్లు ఎచ్చటను కనబడదు. ఆయన స్వభావమే అట్టిది. మితభాషి, అవివాహితుడు, సభలకు దూరుడు.

1904లో మరల లండను ప్రాంతమునకు వచ్చి, పిమ్మట కింగ్‌స్టన్ చిత్రకళా పాఠశాలలో నమూనా రచన బోధించెను. ఉపాధ్యాయ పాఠకులకు ఈ ఘట్టము ఆసక్తికరముగా నుండును. ఆ కాలమున ఇంగ్లండులోని చిత్రకళా పాఠశాలలపై దక్షిణ కెన్సింగ్టనునందలి పరీక్షకుల పెత్తనముండెను. పూర్వపు నమూనాను చూచి తూచ తప్పక దింపుటయే వారి దృష్టిలో విద్య. నాక్సు పద్ధతి వేరు. గీత ఎట్లు పుట్టునో, ఎచట ఒంగునో, ఎందులకు ఆగునో శిష్యులే కనుగొనవలెనని ఆయన బోధ. పరీక్షకులకు అది రుచింపలేదు. వారు ఆక్షేపించిరి. నాక్సు వాదింపలేదు; 1912లో ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను. శిష్యులు కొందరు గురువుతోపాటు పాఠశాలను విడిచిపోయిరి! విన్‌ఫ్రెడ్, డెనీస్ టక్‌ఫీల్డు సోదరీమణులు ముందు నిలిచి, గురువు పేరనే నాక్సు గిల్డు అను కళాసంఘమును స్థాపించి, నేత, కుండలు, లోహపు పని మున్నగువానిలో ఆయన పద్ధతిని 1930లు దాక సాగించిరి. ఆయన నమూనా పటములు కొన్ని వారి శ్రద్ధవలననే దక్కినవి. ముప్పది ఏండ్లకు దగ్గరగా తరగతి గదిలో గడిపినవాడను. గురువుకొరకు పాఠశాల విడిచిన విద్యార్థులను నేను చూడలేదు. అట్టి గురువును నేనైతిననియు చెప్పలేను. దుకాణము దాచిన పేరును మొట్టమొదట ఒక పలకపై వ్రాసినది ఆ శిష్యులే.

ఉద్యోగము పోయిన నాక్సు అదే సంవత్సరము అమెరికా చేరి, ఫిలడెల్ఫియాలో కొంతకాలము బోధించి, తివాచీలకు నమూనాలు గీసెను. అచట ఆయన మనస్సు నిలువలేదు. 1913లో ద్వీపమునకు మరలి వచ్చి, తరువాత జీవితమంతయు అచటనే గడిపెను.

మరుసటి యేడు యుద్ధము వచ్చెను. ద్వీపమున నాకలో అనుచోట, శత్రు దేశీయులను నిర్బంధించుటకు ఒక మహాశిబిరము వెలసెను. ఒక దశలో అందు 20,000కు పైగా మనుష్యులుండిరి. నాక్సునకు ఆ శిబిరమున ఉత్తరములు పరిశీలించు ఉద్యోగము లభించెను. ముళ్లతీగల వెనుకనున్నవారు భార్యకు, తల్లికి వ్రాసిన మాటలను దినదినము చదువుచు, అడ్డు పెట్టవలసినచోట అడ్డు పెట్టుట ఆయన పని. సున్నితమైన మనస్సు గలవానికి అంతకంటె కష్టమైన పని యుండదు.

ఆ యుద్ధకాలముననే, 1917లో, ఆర్థర్ లిబర్టీ మరణించెను. అప్పటికాయన సర్ బిరుదాంకితుడు, గొప్ప ధనవంతుడు. బకింగ్‌హాంషైరులోని లీ గ్రామమున ఆయన సమాధి కలదు. ఆ సమాధి శిలకు నమూనా గీసినది నాక్సే. తన పేరును లోకమునకు తెలియనీయని యజమాని పేరు చుట్టును కెల్టిక్ అల్లికను అలంకరించి యిచ్చెను. కోపముండినచో ఆ గీతలో కనబడెడిది. నేను దాని ఛాయాచిత్రమును మాత్రమే చూచితిని. ఆ అల్లికలో నాకు శాంతమే కనబడినది.

యుద్ధానంతరము ఆయన ద్వీపపు పాఠశాలలలో చిత్రలేఖనము బోధించెను. యుద్ధమున మృతులైనవారి స్మారకశిలలకు, తెలిసినవారి సమాధులకు నమూనాలు గీసియిచ్చెను. సెయింట్ పాట్రిక్కు పేరు మీదనున్న ప్రాచీన ప్రార్థనను తీసికొని, పుట పుటకు అక్షరములనే అల్లికలుగా మార్చి రంగులతో ఒక వ్రాతప్రతి రచించెను. అక్షరమేదో అలంకారమేదో తెలియకుండునంతగా అందు గీతలు కలిసిపోయినవి. చదువుట కష్టము. చదివించుట ఆయన ఉద్దేశము కూడ కాదేమో.

వీటన్నిటికంటె ఆయన ఎక్కువగా ప్రేమించినది నీటిరంగుల చిత్రరచన. ఆ ద్వీపమున ఆకాశము గడియకొక రంగు. మబ్బు క్రమ్మిన కొండ, తడిసిన పొలము, నీలి నీడలో తెల్లని గోడల ఇల్లు: ఇవియే ఆయన వస్తువులు. అందు ముడులు లేవు, అల్లికలు లేవు. ఐనను మబ్బు అంచు వంగిన తీరులో వెండి గిన్నె మీది గీత జాడ తెలియును. ఈ చిత్రములకు ఆయన సామాన్యముగా పేరు పెట్టలేదు, తేదీ వేయలేదు, సంతకము చేయలేదు. అమ్మినవి మిక్కిలి అరుదు. జీవనమునకై గీసినదానిని అమ్మెను. జీవితముగా గీసినదానిని దాచుకొనెను.

1933 ఫిబ్రవరి 22న నాక్సు డగ్లసులో మరణించెను. బ్రాడన్ శ్మశానవాటికలో ఆయనను పాతిపెట్టిరి. అప్పటికి లోకపు రుచి మారినది. లిబర్టీ కెల్టిక్ సామగ్రి పాతబడిన సరకై, పాత వస్తువుల అంగళ్లలో మూలపడి యుండెను.

1975లో లిబర్టీ దుకాణమునకు నూరేండ్లు నిండిన సందర్భమున లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో ఒక ప్రదర్శనము జరిగెను. ఆ దశాబ్దమున పరిశోధకులు పాత లెక్కలు, నమూనా పటములు పోల్చి చూచి, ఆ సామగ్రిలో ఉత్తమమైనవి ఎవరి చేతినుండి వచ్చినవో నిర్ధారించిరి. నాక్సు పేరు వెలికివచ్చెను. నేడు ఆయన గడియారము ఒకటి వేలమునకు వచ్చినచో వేలకొలది పౌండ్లు పలుకును. పేరు లేనప్పుడు గుమాస్తా కొనగలిగిన వస్తువు, పేరు వచ్చిన పిమ్మట కోటీశ్వరునకు గాని అందుటలేదు. గుమాస్తాకు మిగిలినవి అచ్చు ప్రతులు. ఆ అల్లికలు నేడు కాగితముమీద, గుడ్డమీద, శుభాకాంక్షల పత్రములమీద ముద్రితములై దేశదేశముల అమ్ముడుపోవుచున్నవి. ఒక శతాబ్దము క్రితము ప్యూటరు చేసిన పనిని ఇప్పుడు కాగితము చేయుచున్నది.

ఆయన నీటిరంగుల చిత్రములు అనేకము డగ్లసులోని మాంక్సు మ్యూజియముననున్నవి. వానికిని అచ్చు ప్రతులు వెలువడినవి. ప్రాణమున్నంతకాలము అమ్మనొల్లని ఆ మబ్బులను ఇప్పుడు ఎవరైనను స్వల్ప మూల్యమునకు కొని గోడకు తగిలించుకొనవచ్చును. అమ్మకమునకు పెట్టినదానికి ఏదో యొక పేరుండవలెను గదా! ఆయన పెట్టలేదు. కనుక కొండపై మబ్బులనియో, పొలములోని ఇల్లనియో ఇతరులే పేరు పెట్టి, క్రింద ఆర్చిబాల్డు నాక్సు అని అచ్చు వేయుచున్నారు.